‘సాని’ అనే మాట ఎప్పుడు తిట్టయింది? ఒక మాట, ఒక పుస్తకం, 36 ఏళ్ళ నిషేధం

ఇవాళ్టి ఎపిసోడ్ మాటల గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, మాటకి డిక్షనరీలో ఉండే అర్థం గురించి కాదు, ఆ మాట వినగానే మన మొహంలో వచ్చే మార్పు గురించి.

నేను చదివింది బీటెక్. కొన్నేళ్ళు కోడ్ రాశాను. కోడ్‌లో ఒక సౌకర్యం ఉంటుంది. ఒక వేరియబుల్‌కి ‘ఎక్స్’ అని పేరు పెట్టండి, ‘మల్లెపువ్వు’ అని పెట్టండి, మెషిన్‌కి ఏ తేడా ఉండదు. పేరు మార్చినా ప్రోగ్రామ్ అదే పని చేస్తుంది. భాషలో అలా కుదరదు. ఒక కథలో ‘చనిపోయాడు’ అన్నచోట ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి ‘చచ్చాడు’ అని పెట్టి చూడండి. విషయం మారలేదు, ఆ మనిషి లేడు. కానీ ఇప్పుడు చెప్పేవాడికి పోయినవాడి మీద గౌరవం లేదని మనకి తెలిసిపోయింది. ‘కాలం చేశారు’ అని పెట్టండి, పోయినాయన పెద్దమనిషి అయిపోయాడు. ‘అమరుడయ్యాడు’ అని పెట్టండి. మా ఉస్మానియా క్యాంపస్‌లో ఆ మాట పలికితే ఎవరూ నిఘంటువు తీయక్కర్లేదు. 1969, 2009 రెండూ ఒకేసారి గుర్తొస్తాయి.

దీన్ని మన పాతవాళ్ళు ఎప్పుడో పట్టుకున్నారు. మాటకి మూడు పొరలున్నాయన్నారు. నేరుగా వచ్చే అర్థం అభిధ. ఆ అర్థం కుదరకపోతే పక్కకి జరిగి తీసుకునేది లక్షణ. ఈ రెండూ అయిపోయాక మనసులో మోగేది వ్యంజన. 9వ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ రాసి, కావ్యానికి ప్రాణం ఈ మోగేదే అన్నాడు. వాళ్ళు పాఠం చెప్పడానికి వాడిన ఉదాహరణ ‘గంగ మీద పల్లె’. నీళ్ళ మీద పల్లె ఉండదు కదా, కాబట్టి గంగ ఒడ్డున అని తీసుకోవాలి. అది లక్షణ. మరి ‘ఒడ్డున’ అనకుండా ‘గంగ మీద’ అనడం ఎందుకు? ఆ చల్లదనం, ఆ పవిత్రత పల్లెకి కూడా అంటించడానికి. అది వ్యంజన.

ఇప్పుడు ఈ ఉదాహరణని హైదరాబాద్‌కి తెద్దాం. ‘మా ఇల్లు మూసీ మీద’ అనండి. వ్యాకరణం అదే, లక్షణ కూడా అదే. కానీ చల్లదనం, పవిత్రత వస్తున్నాయా? వాసన గుర్తొస్తుంది, 1908 వరద గుర్తొస్తుంది, ‘ఇల్లు ఉంటుందో పోతుందో’ అనే భయం గుర్తొస్తుంది. నది మారింది కాబట్టి మోత మారింది. అంటే మాట వెనక ఉన్న ధ్వని గాల్లోంచి రాదు. ఆ మాట ఎక్కడెక్కడ తిరిగిందో, ఎవరెవరి నోట్లో నలిగిందో, అక్కడి నుంచి వస్తుంది.

మాటలు పైకి వెళ్తాయి, కిందకి దిగుతాయి. దిగినవే మనకి ఎక్కువ కనిపిస్తాయి. ‘కైంకర్యం’ అంటే దేవుడికి చేసే సేవ. ఇప్పుడు ఎవరైనా ఆఫీసు డబ్బు కైంకర్యం చేశాడంటే మింగేశాడని. ‘శఠగోపం’ గుళ్ళో తల మీద పెట్టేది. ‘శఠగోపం పెట్టాడు’ అంటే మోసం చేశాడని. ‘భాగవతం’ పలకగా పలకగా ‘భాగోతం’ అయ్యింది. ‘వాడి భాగోతం బయటపడింది’ అంటే అందులో కృష్ణుడు ఎక్కడా లేడు. ఇవి సరదా ఉదాహరణలు. వీటివల్ల ఎవరికీ నష్టం లేదు, దేవుడు కేసు వెయ్యడు.

కానీ కొన్ని మాటలు దిగితే వాటితోపాటు మనుషులు కూడా దిగిపోతారు. ఇవాళ అసలు విషయం అదే.

‘వెధవ’ అనే మాట తీసుకోండి. అమ్మ కొడుకుని ‘వెధవా, అన్నం తిను’ అని ముద్దుగా కూడా తిడుతుంది. ఆ మాట ఎక్కడిది? ‘విధవ’ నుంచి వచ్చింది. భర్త పోయిన ఆడమనిషి. కన్యాశుల్కం కాలపు వాడుకలో వెధవ అంటే వితంతువే. ఇంకో మాట ఉంది, ఈ వీడియోలో ఒక్కసారే అంటాను: ‘ముండ’. ముండనం అంటే గుండు చేయడం. భర్త పోయిన ఆడవాళ్ళకి కొన్ని కులాల్లో తల గొరిగించేవాళ్ళు. ఆమెకి జరిగిన హింస ఆమె పేరయ్యింది, ఆ పేరు తర్వాత అందరికీ తిట్టయ్యింది. మనం రోజూ వాడే తిట్లలో కొన్ని, నిజానికి ఎవరో ఒక పదేళ్ళ పిల్లకి జరిగిన అన్యాయం తాలూకు మిగులు.

అలాంటిదే ఇంకో మాట, ‘సాని’.

సంస్కృతంలో ‘స్వామిని’, అంటే యజమానురాలు. అది తెలుగులో అరిగి సాని అయ్యిందని పండితులు చెప్తారు. పాత శాసనాల్లో గొప్పింటి ఆడవాళ్ళ పేర్ల చివర ‘సాని’ కనిపిస్తుంది. ఇవాళ మనం ‘గారు’ అన్నట్టు, ‘అమ్మ’ అన్నట్టు. అదే కాలంలో గుళ్ళో ఆటపాటలకి, సేవకి ఉండే ఆడవాళ్ళని కూడా సానులనేవాళ్ళు. ఆంధ్రదేశపు గుడి శాసనాల్లో ‘సాని మున్నూరు’ అనే మాట వస్తుంది. మూడు వందల మంది సానుల సమూహం అని. వాళ్ళు గుడికి దానాలు ఇచ్చినవాళ్ళు, దానాలకి సాక్షులుగా నిలబడ్డవాళ్ళు. అంటే ఊళ్ళో మాట చెల్లేవాళ్ళు.

ఆ మాట తర్వాత మూడు దారుల్లో పోయింది. ‘దొరసాని’లో అధికారం మిగిలింది. అక్కడ కూడా చూడండి: కోస్తాలో దొరసాని అంటే చాలామందికి తెల్లదొర భార్య. తెలంగాణలో దొరసాని అంటే గడీలో ఉండే ఆమె. ఆ మాటలో గౌరవం కంటే భయం ఎక్కువ, వెట్టి చేసిన జ్ఞాపకం ఎక్కువ. ‘మంత్రసాని’లో పని మిగిలింది, పురుడు పోసే ఆమె. ఇక తోక లేకుండా ఒంటరిగా మిగిలిపోయిన ‘సాని’ ఉంది కదా, అది తిట్టయ్యింది. ఒకే తల్లి పిల్లలు ముగ్గురు. ఒకామె గడీలో, ఒకామె పురిటి గదిలో, ఒకామె వీధిలో.

ఇందులో ఏ మార్పూ నిఘంటువు చెయ్యలేదు. రాజులు పోయారు, గుడి మాన్యాలు పోయాయి, ఆ ఆడవాళ్ళకి ఉన్న ఆదరువు పోయింది. ఆదరువు పోయినవాళ్ళ పేరు చులకనవుతుంది. ఇది ఒక్క తెలుగులోనే కాదు, ఇంగ్లీష్‌లో ‘మిస్ట్రెస్’ అనే మాట కూడా ఇంటి యజమానురాలి దగ్గర బయల్దేరి ఎక్కడికొచ్చిందో మీకు తెలుసు.

సరే, మాట కిందకి దిగితే సాహిత్యంలో ఏమవుతుంది? ఒక నిజమైన కేసు చెప్తాను.

18వ శతాబ్దం, తంజావూరు. మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే ఆమె ఉంది. సంగీతం, నాట్యం, సంస్కృతం, తెలుగు అన్నీ వచ్చినామె. ‘రాధికా సాంత్వనం’ అని ఒక శృంగార ప్రబంధం రాసింది. కథ ఏంటంటే, రాధ తన చేతుల్లో పెంచిన ఇళాదేవి అనే అమ్మాయిని కృష్ణుడికి ఇచ్చి పెళ్ళి చేస్తుంది. చేశాక తట్టుకోలేకపోతుంది. అలుగుతుంది, మండిపడుతుంది. చివరికి కృష్ణుడు వచ్చి రాధని ఊరడిస్తాడు.

ఆ పేరు చూడండి. ‘సాంత్వనం’. బుజ్జగింపు అని ఉంటే రాధ చిన్నపిల్ల అయిపోయేది. లాలన అని ఉంటే కృష్ణుడి దయ అయ్యేది. సాంత్వనం అనేది నొప్పి ఉన్నచోట వాడే మాట. అంటే రాధది అలక కాదు, గాయం అని కవి పేరులోనే తీర్పు చెప్పేసింది. ఈ పుస్తకాన్ని 2011లో పెంగ్విన్ వాళ్ళు ఇంగ్లీష్‌లో వేశారు. పేరులో ‘అపీజ్‌మెంట్’ అని పెట్టారు. నిఘంటువు ప్రకారం తప్పేం లేదు. కానీ ఆ మాట వినగానే ఇంగ్లీష్ చదువరికి 1938లో హిట్లర్‌ని బుజ్జగించిన మ్యూనిక్ ఒప్పందం గుర్తొచ్చే అవకాశం ఉంది. పాపం రాధ!

ముద్దుపళని ఇంకో పని చేసింది. ప్రబంధం మొదట్లో కవులు తమ వంశం చెప్పుకోవడం ఆనవాయితీ. తాత, తండ్రి, గోత్రం. ఈమె తన ఇంటి ఆడవాళ్ళ క్రమం చెప్పుకుంది. నాయనమ్మ వైపు నుంచి విద్య ఎలా వచ్చిందో చెప్పుకుంది. సిగ్గుపడుతూ కాదు, గర్వంగా.

1887లో ఈ పుస్తకం అచ్చయ్యింది. ఆ ముద్రణలో ఈ వంశం చెప్పే భాగం ఎగిరిపోయింది. కొన్ని పద్యాలు కూడా పోయాయి. ఎవరు రాశారో చెప్పే పేజీ తీసేస్తే ఏమవుతుందో చూడండి. అప్పటిదాకా ఆమె ఫలానావారి మనవరాలు, ఫలానావారి శిష్యురాలు, కవి. ఆ పేజీ పోయాక మిగిలేది ఒక్క మాట, ‘వేశ్య’.

సరిగ్గా అదే జరిగింది. ‘కవుల చరిత్ర’లో వీరేశలింగం పంతులుగారు ముద్దుపళని గురించి చాలా కఠినంగా రాశారు. ఆడవాళ్ళు వినకూడని విషయాలు ఒక ఆడమనిషి నోటి నుంచి వచ్చాయనేది ఆయన అభ్యంతరం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆయన చిన్న మనిషి కాదు. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించినాయన. ఇందాక చెప్పుకున్న ‘వెధవ’ అనే మాట కింద నలిగిపోతున్న పిల్లల్ని బయటికి లాగడానికి జీవితం పెట్టినాయన. అదే మనిషి, ఇంకో మాట కింద ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి, ఆ మాటని ఇంకాస్త బరువు చేశారు. ఒక తిట్టుని వంచగలిగిన మనిషి ఇంకో తిట్టు ముందు తనే వంగాడు. మాటల బలం అంత ఉంటుంది. సంస్కర్తలు కూడా దానికి అతీతం కాదు.

అప్పుడు వచ్చింది బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో పుట్టింది. తను కూడా దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినామె, మద్రాసులో పేరున్న గాయని. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది ఈమే. ఈమెకి రాధికా సాంత్వనం అచ్చు ప్రతి దొరికింది, తర్వాత రాతప్రతి కూడా దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. మన భాషలో చెప్పాలంటే ‘డిఫ్’ తీసింది. తీసేసిన భాగాలన్నీ తిరిగి చేర్చి, 1910లో వావిళ్ళ వారి ద్వారా పూర్తి పుస్తకం అచ్చు వేయించింది.

వీరేశలింగంగారికి ఆమె ఇచ్చిన జవాబు సారాంశం ఇది: మర్యాద, సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి వద్దా? ఆయనే మెచ్చిన ‘వైజయంతీ విలాసం’లో ఇంతకంటే పచ్చి వర్ణనలు ఉన్నాయి కదా, దానికి లేని అభ్యంతరం దీనికెందుకు? అంటే ఆమె పద్యాన్ని సమర్థించలేదు, కొలబద్దని పట్టుకుంది. ఒకే రకం పద్యం మగకవి రాస్తే దాని పేరు ‘శృంగారం’. ఈమె రాస్తే ‘బూతు’. పద్యం మారలేదు. పద్యం మీద అంటించిన లేబుల్ మారింది. శృంగారం అనే మాటకి తొమ్మిది రసాల్లో మొదటి పీట ఉంది. బూతు అనే మాటకి పోలీస్ స్టేషన్ ఉంది.

పోలీస్ స్టేషన్ అని ఊరికే అనలేదు. పుస్తకం వచ్చాక అప్పటి పత్రిక ఒకటి ఒక వేశ్య రాస్తే ఇంకో వేశ్య అచ్చు వేసిందన్న ధోరణిలో సమీక్ష రాసింది. విషయం ప్రభుత్వం దాకా పోయింది. ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఈ ఎపిసోడ్‌కి ప్రాణం ఇదే. మద్రాసు పోలీస్ కమిషనర్ ఇంగ్లీష్ దొర. ఆయనకి తెలుగు ప్రబంధం ఎలా అర్థమవుతుంది? ప్రభుత్వ అనువాదకుడు, ఒక తెలుగాయనే, అభ్యంతరకరమని తనకి తోచిన పద్యాలు ఏరి ఇంగ్లీష్‌లోకి మార్చి ఇచ్చాడు. ఆ ఇంగ్లీష్ చదివి 1911లో ప్రతులు పట్టుకున్నారు, పుస్తకాన్ని నిషేధించారు.

అంటే శిక్ష పడింది ముద్దుపళని మాటలకి కాదు. వాటి నిఘంటు అర్థానికి. 584 పద్యాల్లోంచి ఏరిన కొన్ని, ఛందస్సు పోయి, రాధ కోపం పోయి, రసం పోయి, శరీర భాగాల జాబితాగా మిగిలినవి కమిషనర్ బల్ల మీదకి వెళ్ళాయి. ఇందాక ఆనందవర్ధనుడి మూడు పొరలు చెప్పుకున్నాం కదా. మూడో పొర ఊడదీసి, మొదటి పొర మీద కేసు పెట్టారు. ఏ గొప్ప కావ్యాన్నైనా ఇలా చేయండి, బూతు పుస్తకం అయిపోతుంది.

వావిళ్ళ వారు, పండితులు విజ్ఞప్తులు చేశారు. పని జరగలేదు. 1947లో గానీ నిషేధం పోలేదు. 1952లో మళ్ళీ అచ్చయ్యింది. నాగరత్నమ్మ పోయింది కూడా 1952లోనే.

ఈ కథ మనకి మళ్ళీ ఎలా తెలిసిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది మా ఏరియా కథ. సీతాఫల్‌మండి నుంచి తార్నాక వైపు వస్తే, ఉస్మానియా క్యాంపస్‌ని ఆనుకుని ఇఫ్లూ ఉంటుంది. పాతవాళ్ళు ఇప్పటికీ సీఫెల్ అంటారు. అక్కడ ఇంగ్లీష్ బోధించిన సూసీ థారు, హైదరాబాద్‌కే చెందిన కె. లలిత కలిసి 1991లో ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ మొదటి సంపుటం తెచ్చారు. 11 భాషల ఆడవాళ్ళ రచనలు అందులో ఉన్నాయి. అంత పెద్ద పుస్తకానికి రాసిన ముందుమాట దేనితో మొదలవుతుందో తెలుసా? నాగరత్నమ్మ రాధికా సాంత్వనం కోసం వెతికిన ఈ కథతోనే. ప్రపంచానికి ముద్దుపళని పేరు తెలిసిన దారి మన తార్నాక మీదుగా పోయింది.

సరే, ఇదంతా విన్నాక ఒక సుఖమైన ముగింపు చెప్పొచ్చు. ‘చెడ్డ మాటలు తీసేసి మంచి మాటలు పెడదాం, అంతే’ అని. కానీ అంత సులువు కాదు. అదే నాగరత్నమ్మ కాలంలో ఇంకొకామె ఉంది, డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. ఆమె తల్లి కూడా దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినామే. దేవుడికి పిల్లల్ని అర్పించే పద్ధతి ఆపాలని మద్రాసు శాసనమండలిలో పోరాడింది. నాగరత్నమ్మ, మరికొందరు దేవదాసీలు ఎదురు నిలిచారు. ‘మేము కళాకారిణులం, మమ్మల్ని వేశ్యలతో కలపొద్దు’ అన్నది వాళ్ళ వాదన. ఇద్దరూ ఒకే చోటి నుంచి వచ్చారు, ఒకే మాట గురించి కొట్లాడారు. ఒకామెకి ‘దేవదాసి’ అంటే విద్య, ఆస్తి, స్వతంత్రం. ఇంకొకామెకి అది ఒక చిన్నపిల్ల మెడలో పడే తాడు.

ఎవరు కరెక్ట్? నన్నడిగితే, ఇద్దరూ చూసింది నిజమే. తెలంగాణలో ‘జోగిని’ అనే మాట చూడండి. ‘యోగిని’ నుంచి వచ్చిన మాట, ఎంత గంభీరంగా ఉంది! ‘దేవుడి పెళ్ళాం’ అంటారు, ఎంత గౌరవంగా ఉంది! ఆ గౌరవం వెనక ఒక దళిత బాలిక ఊరందరి సొత్తు అయిపోయింది. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో దీని మీద చట్టం తేవాల్సి వచ్చింది. కాబట్టి చెడ్డ మాట మనిషిని కిందకి తొయ్యగలదు, మంచి మాట తొయ్యడాన్ని దాచిపెట్టగలదు. రెండూ ప్రమాదమే. ‘మర్యాదగా ఉందా’ అని మాత్రమే చూస్తే సరిపోదు. ‘ఈ మాట ఎవరికి పనికొస్తోంది’ అని కూడా చూడాలి.

గురజాడ ఈ పని ఎంత తెలివిగా చేశారో కన్యాశుల్కంలో చూడండి. 1897లో మొదటి కూర్పు, 1909లో బాగా పెంచిన రెండో కూర్పు. అందులో మధురవాణిని అందరూ సాని అనే అంటారు. గురజాడ ఆ మాటని తుడవలేదు. సౌజన్యారావు పంతులు అనే వకీలు ఉంటాడు, సానుల మొహం చూడనని నియమం పెట్టుకున్న సంస్కర్త. మధురవాణి మగవేషంలో వెళ్ళి ఆయనతో మాట్లాడుతుంది. ఆయన వింటాడు, ఆమె తెలివికి విలువిస్తాడు. తర్వాత ఆమె ఎవరో తెలుస్తుంది, ఉలిక్కిపడతాడు. ఆ గదిలో ఉన్న మనిషి మారలేదు. ఆమె గొంతు, ఆమె తర్కం మారలేదు. ఒక మాట లోపలికొచ్చింది, అంతే. గురజాడ లెక్చర్ ఇవ్వలేదు. మాట రాకముందు, వచ్చాక, రెండూ చూపించి ఊరుకున్నారు. నాకు తెలిసి తెలుగు సాహిత్యంలో ‘మాట ఏం చేస్తుంది’ అనేదానికి ఇంతకంటే మంచి డెమో లేదు.

ఇక మనం చేయగలిగింది. ఈసారి ఏదైనా సాహిత్య చరిత్రలోనో, వ్యాసంలోనో ముద్దుపళని పేరు కనిపిస్తే రెండు విషయాలు గమనించండి. ఒకటి, ఆమె పేరు ముందు మొదట ఏ మాట వచ్చింది? కవి అనా, దేవదాసి అనా, రాజుగారి ఉంపుడుగత్తె అనా? మగకవుల విషయంలో వాళ్ళు ఎవరి ఇంట్లో పడుకున్నారన్నది మొదటి వాక్యంలో రాయం కదా. రెండోది ఇంకా చిన్న మాట: ‘దేవదాసి అయినప్పటికీ గొప్ప కవిత్వం రాసింది.’ ఆ ‘అయినప్పటికీ’ని పట్టుకోండి. పొగడ్తలా ఉంటుంది. కానీ ఆ ఒక్క మాటలో 1911 నాటి పోలీస్ కమిషనర్ ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు.

దాన్ని తీసేసి మళ్ళీ చదవండి. ముద్దుపళని గొప్ప కవిత్వం రాసింది. వాక్యం పొట్టిదయ్యింది, నిజం ఏమీ తగ్గలేదు.

ఇవాళ్టికి ఇంతే. మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఇలా పైనుంచి కిందకి దిగిన మాట ఏదైనా ఉంటే పెద్దవాళ్ళని అడిగి రాసిపెట్టుకోండి. ఆ మాట కింద ఎవరున్నారో కూడా అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.